జిల్లేడు: దేవుడి పత్రి, వైద్యుడి విషం

ఊరి పొలిమేర, రైలు పట్టాల పక్క, శ్మశానం దారి, పాడుబడిన ప్రహరీ గోడ. ఎవరూ చెంబెడు నీళ్లు పోయని చోట పచ్చగా నిలబడే మొక్క జిల్లేడు. పశువు దాని జోలికి పోదు. ఇంట్లో జిల్లేళ్లు మొలుస్తాయంటే మనకది శాపం కింద లెక్క. అయినా మాఘమాసం రాగానే ఆ ఆకునే నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాం. భాద్రపదం రాగానే దాన్నే వినాయకుడి పీట మీదికి తెస్తాం. మోకాలు వాచిన రోజు అమ్మమ్మ వెతికేదీ ఆ ఆకునే. ఈ మొక్కలో మందూ ఉంది, విషమూ ఉంది. మన పెద్దలు ఈ రెండు సంగతులనూ ఎప్పుడూ కలిపే చెప్పారు. ఫోన్లలో చిట్కాలు చేతులు మారుతున్న ఈ రోజుల్లో మొదటి సంగతి మిగిలి రెండోది జారిపోతోంది. అందుకే జిల్లేడు విశేషాలను రెండు వైపుల నుంచీ చెప్పుకుందాం.

ఒక పేరు, రెండు మొక్కలు

మనం జిల్లేడు అని పిలిచేవి నిజానికి రెండు జాతులు. విశాలమైన ఆకులు, రేకులు వెనక్కి విచ్చుకున్న పెద్ద పూలు ఉంటే అది కెలోట్రోపిస్ జైగాంటియా. పూలు కాస్త చిన్నవై, రేకులు పైకి నిలబడి, కొసలకు ముదురు ఊదా రంగు అద్దినట్లు ఉంటే కెలోట్రోపిస్ ప్రోసెరా. మొదటిది మన తీర ప్రాంతాల్లోనూ దక్షిణాదిలోనూ ఎక్కువ. రెండోది రాజస్థాన్ లాంటి ఎండు నేలల నుంచి అరేబియా, ఆఫ్రికా దాకా పరుచుకుంది. జైగాంటియాలో ఊదా పూలదీ ఉంది, తెల్ల పూలదీ ఉంది. పూజల్లో గిరాకీ అంతా తెల్ల జిల్లేడుకే. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ జైగాంటియాను ఆస్క్లెపియాస్ జైగాంటియా అన్నాడు. ఆస్క్లెపియస్ గ్రీకుల వైద్య దేవత. తర్వాత స్కాట్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ దీనికి కెలోట్రోపిస్ అనే వేరే ప్రజాతిని కేటాయించాడు.

సామర్లకోట వైద్యుడి పుస్తకంలో

విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించాడు, బొమ్మలు గీయించాడు, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. తర్వాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. ఆయన మరణించాక అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’లో జిల్లేడు వర్ణన ఉంది. మన గట్ల మీద కలుపుగా కొట్టేసే ఎన్నో మొక్కలు ప్రపంచ వృక్షశాస్త్రంలోకి తెలుగు పేరును వెంటబెట్టుకునే వెళ్లాయి.

ఏడు ఆకుల స్నానం

సంస్కృతంలో జిల్లేడును అర్క అంటారు, సూర్యుడినీ అర్కుడంటారు. మాఘ శుద్ధ సప్తమి నాడు, అంటే రథసప్తమికి, ఏడు జిల్లేడు ఆకులు ఒంటి మీద పెట్టుకుని తలంటుకోవడం ఆచారం. కొన్ని ఇళ్లలో ఏడూ తల మీదే పెడతారు. కొన్ని ఇళ్లలో తల, భుజాలు, మోకాళ్లు, పాదాలని పంచుతారు. ఆకుల మీద రేగుపళ్లు ఉంచడమూ ఉంది. స్నానమయ్యాక తులసికోట ముందు ఎండపొడలో పిడకల మంట మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెడతారు. చిక్కుడుకాయలతో చిన్న రథం కూడా కడతారు. ఆ రోజు శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో అర్ధరాత్రి నుంచే బారులు తీరతారు. తిరుమలలో మలయప్పస్వామి ఒక్క రోజులోనే ఏడు వాహనాల మీద ఊరేగుతాడు.

ఆ మర్నాడే భీష్మాష్టమి. అంపశయ్య మీద ఉన్న భీష్ముడి ఒంటి మంట చల్లారడానికి వ్యాసుడు జిల్లేడు ఆకులు కప్పించాడని పెద్దలు కథగా చెబుతారు. సప్తమి స్నానానికీ అష్టమి తర్పణానికీ మధ్య ఈ ఆకు ఒక ముడిలా ఉంది.

గ్రహానికో పుల్ల

నవగ్రహ హోమంలో ఒక్కో గ్రహానికి ఒక్కో సమిధ. చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురుడికి రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. మొదటి స్థానం సూర్యుడిది, ఆయన సమిధ జిల్లేడు. ఈ తొమ్మిదింటినీ ఎరిగిన పిల్లవాడికి ఊరి చుట్టూ ఉన్న చెట్టూ చేమా సగం పరిచయమైనట్లే. అందుకే హోమద్రవ్యాల జాబితాను చిన్నపాటి వృక్షశాస్త్ర పాఠంగానూ చదువుకోవచ్చు.

ఇరవై ఒకటో పత్రి

వినాయక చవితి పూజలో మాచీపత్రంతో మొదలయ్యే ఇరవై ఒక్క పత్రాల వరుస అర్కపత్రంతో ముగుస్తుంది. ఆ వరుసలోనే ఉమ్మెత్త, గన్నేరు కూడా ఉన్నాయి. ఈ మూడూ విషపు మొక్కలే. వాటి పక్కనే తులసి, దానిమ్మ, మామిడి, మరువం ఉన్నాయి. పత్రి కోసుకురమ్మని పిల్లలను పంపినప్పుడు ఏది తినదగినదో, దేన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలో పక్కన నడిచే పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు పత్రి కట్టలు కట్టి బజారులో అమ్ముతున్నారు. ఆ నడకతో పాటు ఆ మాటలూ తగ్గిపోయాయి.

తినే జిల్లేడుకాయ

జిల్లేడుకాయలు అనే పిండివంట కోస్తా ఇళ్లలో చవితికి చేస్తారు. ఉడికించిన బియ్యప్పిండిని అరచేతిలో పలచగా చేసి, కొబ్బరి బెల్లం లౌజు నింపి, మడిచి, ఆవిరి మీద ఉడికిస్తారు. కాయ ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. ఇందులో జిల్లేడు ఇసుమంత కూడా ఉండదు. నిజం కాయ మాత్రం పచ్చిదైనా, పండినదైనా తినరాదు.

రుద్రుడికి ఆకుతో ఆహుతి

అగ్నిచయనమనే వైదిక క్రతువులో శతరుద్రీయ హోమం చేసేటప్పుడు జిల్లేడు ఆకుతో ఆహుతి వేయాలని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. రుద్రుడు ఉగ్రుడు, ఈ మొక్కా ఉగ్రమైనదే. శివుడికి జిల్లేడు పూలు, ఉమ్మెత్త పూలు ఇష్టమని ఈనాటికీ మనం అనుకోవడానికి వెనక ఇంత పాత సంప్రదాయం ఉంది. ఆంజనేయస్వామికి జిల్లేడు దండ వేయడం కూడా చాలాచోట్ల కనిపిస్తుంది.

మూడో పెళ్లికి చెట్టే వధువు

మూడో వివాహం అచ్చిరాదని ఒక పాత నమ్మకం. ఇద్దరు భార్యలు పోయిన మగవాడు మళ్లీ పెళ్లాడాలంటే ముందు జిల్లేడు మొక్కకు తాళి కట్టేవాడు. దీన్నే అర్క వివాహం అంటారు. దానితో ఆ మొక్క మూడో భార్య అవుతుంది, రాబోయే వధువు నాలుగోదవుతుంది. అరిష్టం మొక్క మీదికి పోతుందని భావన. దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల్లో ఈ ఆచారం నమోదైంది. ప్రసవాల్లో, జ్వరాల్లో ఆడవాళ్లు చిన్న వయసులోనే రాలిపోయిన కాలపు తంతు ఇది. ఆ తంతు వెనకున్న ఇళ్ల దుఃఖాన్ని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

వేరులో వినాయకుడు

ఏళ్ల తరబడి పెరిగిన తెల్ల జిల్లేడు వేరు మెలికలు తిరిగి గణపతి రూపం దాలుస్తుందని నమ్మకం. ఆ వేరు మూర్తినే శ్వేతార్క గణపతి అంటారు. కాజీపేటలో శ్వేతార్క గణపతి గుడి ప్రసిద్ధం. తమిళనాడులోని ఎరుక్కత్తంపులియూర్ శివాలయానికి తెల్ల జిల్లేడే స్థలవృక్షం. తమిళంలో ఎరుక్కు అంటే జిల్లేడు, ఊరి పేరులోనే చెట్టు ఉంది. భక్తి పేరుతో బజారులో అమ్మే వేర్లు వేరే సంగతి. వాటికోసం మొక్కను కూకటివేళ్లతో పెకలించేస్తున్నారు. తెల్ల పూల మొక్కలు ఊళ్లలో అరుదు కావడానికి ఇదీ ఒక కారణం.

ఉపమన్యుడి ఆకలి

మహాభారతం ఆదిపర్వంలో జిల్లేడు విషానికి సంబంధించిన చాలా పాత కథ ఉంది. ధౌమ్యుడి శిష్యుడు ఉపమన్యుడు ఆవులు కాసేవాడు. శిష్యుణ్ని పరీక్షించడానికి గురువు అతని తిండి దారులన్నీ ఒక్కొక్కటిగా మూసేశాడు. భిక్షాన్నం వద్దన్నాడు, ఆవుపాలు వద్దన్నాడు, దూడలు తాగాక మిగిలిన నురగ కూడా వద్దన్నాడు. ఆకలికి ఆగలేక ఉపమన్యుడు అడవిలో జిల్లేడు ఆకులు తిన్నాడు. చూపు పోయింది. తడుముకుంటూ వస్తూ పాడుబావిలో పడ్డాడు. గురువు వెతుక్కుంటూ వచ్చి, దేవవైద్యులైన అశ్వినులను స్తుతించమన్నాడు. వాళ్లు ప్రత్యక్షమై అప్పం ఇచ్చి తినమంటే, గురువుకు పెట్టనిదే తినను అన్నాడు. ఆ నిష్ఠకు మెచ్చి చూపు తిరిగి ఇచ్చారు.

గురుభక్తి కోసం చెప్పే ఈ కథలో వైద్యానికి పనికొచ్చే మాట కూడా ఉంది. జిల్లేడుకూ కంటికీ పడదని అంత పూర్వమే మనవాళ్లకు తెలుసు.

నొప్పి లేకుండా మసకబారే కన్ను

కంటి వైద్యులు ఈనాడూ ఆ కథను మరో రూపంలో చూస్తున్నారు. ఆకులు తుంచేటప్పుడు చిమ్మిన పాలు కంట్లో పడతాయి. లేదా పాలంటిన చేత్తో కన్ను నులుముకుంటారు. కొన్ని గంటల్లో చూపు మసకబారుతుంది. మోసం ఎక్కడంటే, చాలామందికి నొప్పి పెద్దగా ఉండదు. అందుకే తగ్గిపోతుందిలే అని ఊరుకుంటారు. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా. దానిలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడే కణాలు లోపలి వైపు ఒకే వరుసలో ఉంటాయి. జిల్లేడు పాలు ఆ కణాలనే దెబ్బతీస్తాయి. నీరు చేరి కార్నియా ఉబ్బి, మంచు పట్టిన అద్దంలా మారుతుంది. వెంటనే వైద్యం అందితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. దెబ్బతిన్న కణాలు మాత్రం తిరిగి పుట్టవు.

పాలు కంట్లో పడితే చేయవలసినవి రెండు. శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ కనీసం పావుగంట కడగాలి. నొప్పి ఉన్నా లేకున్నా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చనుబాలు, తేనె, ఆముదం లాంటివి కంట్లో వేయకూడదు.

ఏడు ఉపవిషాలు

ఆయుర్వేదం జిల్లేడును పొగిడి ఊరుకోలేదు. భావప్రకాశం ఏడు ఉపవిషాలను చెబుతుంది: జెముడు పాలు, జిల్లేడు, పొత్తిదుంప, గన్నేరు, గురివింద, నల్లమందు, ఉమ్మెత్త. శుద్ధి చేయనిదే వీటిని మందులో వాడరాదని నియమం. చరకుడు జిల్లేడు పాలను వాంతి, విరేచనం చేయించే ద్రవ్యాల్లో చేర్చాడు. సుశ్రుతుడు మందు మొక్కలను గుంపులుగా విభజించి ఒక గుంపుకు అర్కాది గణమని పేరు పెట్టాడు. ఇన్ని చోట్ల ఇంత గౌరవం ఇస్తూనే విషాల పట్టీలోనూ దాని పేరు రాశారు.

ఉప్పు, నూనె

అర్క లవణం తయారీ చూడదగ్గది. కుండలో జిల్లేడు ఆకులు ఒక వరుస, సైంధవ లవణం ఒక వరుస పేర్చి, మూత పెట్టి, సందుల్లో మట్టి మెత్తి, పొగ బయటికి పోకుండా కాలుస్తారు. మిగిలిన నల్లటి ఉప్పును పొడి చేసి ప్లీహం వాపు, కడుపు జబ్బుల్లో వైద్యులు ఇచ్చేవారు. అర్క తైలం మరొకటి. ఆవనూనెలో జిల్లేడు ఆకు రసం, పసుపు ముద్ద వేసి, నీరంతా ఇగిరేదాకా కాస్తారు. గజ్జి, తామర లాంటి చర్మ రోగాలకు పైపూతగా వాడతారు. రెండింటిలోనూ నిప్పు ఉంది, తూకం ఉంది, వైద్యుడి కన్ను ఉంది. పచ్చి పాలను ఇంట్లో నేరుగా పుండు మీద పోయడం అలాంటిది కాదు.

ఆముదం రాసి, సెగ చూపించి

ఇంటి వైద్యంలో జిల్లేడుకు అసలైన చోటు కీళ్ల దగ్గర ఉంది. ముదురు ఆకు తెచ్చి, తుడిచి, నునుపు వైపు ఆముదం రాసి, పెనం మీదో నిప్పుల మీదో వెచ్చచేసి, వాచిన మోకాలి మీద వేసి గుడ్డతో కట్టేవారు. మడమ నొప్పికి ఇటుకను కాల్చి, దాని మీద జిల్లేడు ఆకులు పరిచి, ఆ వేడి మీద కాలు ఆనించమనేవారు. ఇందులో సగం మేలు వేడిదే. దళసరి ఆకు ఆ వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది. ఆకులోని కొన్ని పదార్థాలు వాపు తగ్గిస్తాయని జంతువులపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది. సున్నితమైన చర్మానికి మాత్రం ఈ ఆకు పడదు, బొబ్బలు లేస్తాయి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు ఇటుక వైద్యం అసలు చేయరాదు. కాలిన సంగతి కూడా వాళ్లకు తెలియదు.

దిగిన ముల్లుకు చుక్క పాలు

తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉండిపోతే ఆ చోట ఒక చుక్క జిల్లేడు పాలు వేయడం పల్లెల్లో అందరికీ తెలిసిన చిట్కా. ఆ పాలలో మాంసకృత్తులను కరిగించే ఎంజైములు ఉన్నాయి. బొప్పాయి పాలలోనూ ఇలాంటివే ఉంటాయి. చుట్టూ చర్మం మెత్తబడి ముల్లు పైకి తేలడానికి అదే కారణం. ఇదే బలంతో మంచి చర్మాన్నీ అది తినేస్తుంది. పిప్పి పన్నుకు పాలలో ముంచిన దూది పెట్టేవారూ ఉన్నారు. అది ప్రమాదం. చిగురు కాలుతుంది, పాలు గొంతులోకి దిగుతాయి. తేలు కాటుకు, పాము కాటుకు జిల్లేడు రాస్తూ కూర్చుంటే ఆస్పత్రికి చేరవలసిన సమయం పోతుంది.

ప్రభుత్వ మందుల పుస్తకంలో

పందొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరల వైద్యులకు జిల్లేడు మీద గట్టి ఆసక్తి కలిగింది. రక్త విరేచనాలకు వాళ్లు వాడే ఇపెకాక్ వేరు దక్షిణ అమెరికా నుంచి రావాలి. దానికి బదులు ఇక్కడి మొక్క ఏదని వెతికారు. ఎండబెట్టిన జిల్లేడు వేరు బెరడు పొడి పనికొస్తుందని తేల్చారు. ఎడ్వర్డ్ జాన్ వేరింగ్ సంపాదకత్వంలో 1868లో వచ్చిన ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’లో దానికి ముదర్ పేరుతో చోటిచ్చారు. మన నాటు వైద్యులు తరతరాలుగా నూరిన బెరడు అలా సర్కారు పుస్తకం ఎక్కింది.

గుండెను పట్టే అణువులు

జిల్లేడు పాలలో కెలోట్రోపిన్, ఉస్కారిన్, కెలాక్టిన్ అనే పదార్థాలున్నాయి. వీటిని కార్డెనొలైడ్లు అంటారు. గుండె జబ్బులో డాక్టర్లు కొలిచి ఇచ్చే డిజాక్సిన్‌ది కూడా ఈ కుటుంబమే. మన ప్రతి కణం గోడలోనూ సోడియాన్ని బయటికి పంపి పొటాషియాన్ని లోపలికి తెచ్చే పంపు ఉంది. ఈ అణువులు ఆ పంపునే పట్టి ఆపుతాయి. గుండె లయ తప్పుతుంది. అందుకే ఆఫ్రికాలో కొన్ని తెగలు జిల్లేడు పాలను బాణాల మొనలకు పూసేవి. డిజాక్సిన్‌కు మాత్రలో ఎంత ఉందో కచ్చితంగా తెలుసు. ఆకులో, పాలలో ఎంత ఉందో నేలను బట్టి, కాలాన్ని బట్టి, మొక్క వయసును బట్టి మారుతుంది. జిల్లేడును ఇంట్లో కడుపులోకి తీసుకోవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణమిదే.

చెప్పుకోక తప్పని చీకటి

ఈ మొక్కకు ఒక విషాద చరిత్ర ఉంది. గర్భం పోగొట్టడానికి, ఆడశిశువుల ప్రాణం తీయడానికి, పగవాడి పశువును చంపడానికి జిల్లేడు పాలు వాడిన సంగతులు భారతీయ నేరవైద్య శాస్త్ర గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. వైద్య విద్యార్థులు ఇప్పటికీ దీన్ని విషాల పాఠంలో చదువుతారు. నాటు గర్భస్రావంలో బలైపోయిన తల్లులు ఎందరో. ఆ తల్లుల కోసమైనా ఈ మాట దాచకుండా చెప్పాలి.

విషాన్ని కవచం చేసుకున్నవాళ్లు

పశువు ముట్టని ఆకును ఇష్టంగా తినేవాళ్లూ ఉన్నారు. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, తెల్ల చుక్కలు ఉన్న ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఆకు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా అది ఒంట్లోనే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. పసుపు, నీలి చారలతో బొమ్మలా ఉండే మిడత ఒకటి కూడా ఈ మొక్క మీదే కాపురం ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ఒంట్లోంచి ఘాటైన ద్రవం వదులుతుంది. పెరటి మూల ఒక్క జిల్లేడు ఉంచితే పిల్లలకు గుడ్డు, పురుగు, గూడు, రెక్కలు నాలుగూ కళ్లముందు చూపించవచ్చు. ముట్టుకోకుండా చూడమని మాత్రం చెప్పాలి.

తుమ్మెదకు మాత్రమే తెలిసిన తలుపు

జిల్లేడు పువ్వులో పుప్పొడి పొడిగా రాలదు. జంట మూటలుగా కట్టి ఉంటుంది. కర్రలో తొర్రలు తొలిచే పెద్ద నల్ల తుమ్మెద తేనె కోసం పువ్వు మధ్యనున్న కిరీటం మీద వాలినప్పుడు, సన్నటి చీలికలో కాలు ఇరుక్కుంటుంది. లాక్కునేటప్పుడు ఆ మూట కాలికి తగులుకుని వస్తుంది. మరో పువ్వు చీలికలో ఆ మూట దిగితేనే కాయ కడుతుంది. ఆ లాగుడుకు బలమున్న కీటకం కావాలి. ఒక గుత్తిలో అన్ని పూలున్నా కాయలు కొన్నే ఉండటానికి ఈ కష్టమైన ఏర్పాటూ ఒక కారణం.

మీమాంసకులు చెప్పే ఒక న్యాయంలోనూ ఈ తేనె ఉంది. శబరస్వామి తన భాష్యంలో దాన్ని ప్రస్తావించాడు. ఇంటి పక్క జిల్లేడులోనే తేనె దొరుకుతుంటే కొండ ఎక్కడం దేనికి అని దాని భావం. తేలిక దారి ఉండగా కష్టపడటం తగదని చెప్పడానికి దాన్ని వాడేవారు.

నార, దూది, మందుగుండు

జిల్లేడు కాడల నుంచి వచ్చే నార సన్నగా, తెల్లగా, చాలా గట్టిగా ఉంటుంది. ఉప్పునీటికి తట్టుకుంటుంది కనుక చేపల వలలకు, గాలపు తాళ్లకు, వింటి నారికి వాడేవారు. కాయ పగిలితే గింజ గింజకూ పట్టులాంటి కుచ్చు. లోపల బోలుగా ఉండే ఆ పోగులు దిండ్లలోకి బాగుంటాయి. నునుపు ఎక్కువ కావడంతో విడిగా వడకడం కష్టం. ఆరోవిల్ ప్రాంతంలో దీన్ని పత్తితో కలిపి ఉన్ని లాంటి బట్ట నేస్తున్నారు. ఇక జిల్లేడు కట్టె బొగ్గు తేలికగా అంటుకుంటుంది. మందుగుండులో దాన్ని వాడేవారు. దీపావళికి ఇళ్లలోనే మతాబులు, సిసింద్రీలు కూరుకున్న తరంవారికి జిల్లేడు బొగ్గు, సూరేకారం, గంధకం అనే మూడు పేర్లూ గుర్తుంటాయి.

మడిలో ఎరువు, పైరుకు కషాయం

దమ్ము చేసిన మడిలో జిల్లేడు కొమ్మలు తొక్కించడం పాత పద్ధతి. ఆకు మెత్తగా కుళ్లి పచ్చిరొట్ట ఎరువు అవుతుంది. ప్రకృతి సేద్యం చేసే రైతులు కాచే దశపర్ణి కషాయంలో వేప, కానుగ, వావిలి, సీతాఫలం, ఆముదం, ఉమ్మెత్త ఆకులతో పాటు జిల్లేడు ఆకు కూడా పడుతుంది. ఖర్చు లేని మందు కనుక చిన్న రైతుకు ఇది పెద్ద ఆసరా. కషాయం కలిపేటప్పుడు, పిచికారీ చేసేటప్పుడు చేతులకు తొడుగు, కళ్లకు అద్దాలు ఉండాలి. సహజమైనది కదా అని కంటి జాగ్రత్త వదిలేయకూడదు.

రాణి మెచ్చిన పువ్వు

హవాయి దీవుల్లో మన జిల్లేడు పువ్వు దండలో రత్నం. ఐదు మొనల కిరీటంలా ఉందని దాన్ని కిరీటపు పువ్వు అంటారు. 1893లో సింహాసనం కోల్పోయిన చివరి రాణి లిలియువొకలానికి ఈ పువ్వంటే ఎంతో ఇష్టం. అక్కడ మోనార్క్ సీతాకోకచిలుకలకూ ఇదే పుట్టిల్లు. థాయ్‌లాండ్‌లో ఈ పువ్వు పేరు డోక్ రక్, అంటే ప్రేమ పువ్వు. పెళ్లి దండల్లో తెల్ల జిల్లేడు మొగ్గలు గుచ్చుతారు. మనం ఇంట్లో మొలిస్తే అరిష్టమనుకునే మొక్క అక్కడ కాపురాలకు శుభం పలుకుతోంది.

బూడిద నింపుకున్న పండు

మృత సముద్రం ఒడ్డున జిల్లేడు మరో కథలో చేరింది. చూడటానికి పండులా ఉండి, నలిపితే పొగ, బూడిద అయిపోయే కాయలు అక్కడున్నాయని యూదు చరిత్రకారుడు జోసిఫస్ మొదటి శతాబ్దంలో రాశాడు. దైవాగ్రహానికి కాలిపోయిన సొదొమ నగరానికి అవి గుర్తు అన్నాడు. ఆ ప్రాంతంలో పెరిగే ప్రోసెరా కాయకు ఇంగ్లీషులో ఇప్పటికీ సొదొమ ఆపిల్ అనే పేరు. ఉబ్బిన కాయను నొక్కితే లోపలంతా గాలి, పోగులే. బైబిల్ చదివే మన తెలుగువారు ఆ నగరం పేరు విన్నప్పుడు, గుర్తుగా నిలిచిన మొక్క తమ ఊరి జిల్లేడుకు తోబుట్టువని తెలుసుకోవచ్చు.

ఒంటె జీనులో ప్రయాణం

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో ప్రోసెరా పచ్చిక బీళ్లను ఆక్రమించే కలుపుగా మారింది. ఒంటెల జీనుల్లో కూరిన దూదితో గింజలు అక్కడికి చేరాయని చెబుతారు. బ్రెజిల్ ఎండు నేలల్లోనూ ఇదే కథ. సొంత ఊళ్లో హద్దులో ఉండే మొక్క పరాయి నేల మీద అదుపు తప్పింది.

ఇంట్లో పాటించవలసినవి

రథసప్తమికి ఆకులు ముందురోజు సాయంత్రమే కోయండి. తుంచిన చోట కారే పాలు పూర్తిగా ఆరాక కడిగి తుడవండి. పిల్లల తల మీద పెట్టేటప్పుడు కళ్లు మూసుకోమనండి. పత్రి సర్దిన చేతులను సబ్బుతో కడిగాకే ప్రసాదం ముట్టుకోండి. పూలమొగ్గలను టప్పున పేల్చే ఆట పిల్లలందరికీ ఇష్టమే, ఆ చేతులు కళ్ల దగ్గరికి పోకుండా చూడండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బుకు మందులు వాడేవారు దీన్ని ఏ రూపంలోనూ కడుపులోకి తీసుకోకూడదు. ఆయుర్వేద మందుగా కావాలంటే అర్హత ఉన్న వైద్యుడి చేతుల మీదుగానే తీసుకోవాలి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసి వెంట తీసుకెళితే డాక్టరుకు పోల్చుకోవడం సులువవుతుంది.

జిల్లేడును పెకలించి పారేయనక్కరలేదు, అద్భుత ఔషధమని ఆకు నమలనక్కరా లేదు. ఏడాదికొకసారి నెత్తిన పెట్టుకునే ఆకు గురించి పిల్లలకు సూర్యుడి కథ చెప్పే ఇళ్లలో ఉపమన్యుడి కథ కూడా చెబితే చాలు. మొక్క మీద గౌరవం, దాని పాల మీద జాగ్రత్త, రెండూ ఒకేసారి వాళ్లకు అందుతాయి.